ఆకుల్లేని మేపుల్ చెట్టుని ప్రదర్శనకి ఎందుకు పెడతారు?

ఈరోజు బోన్సాయ్ గురించి మాట్లాడుకుందాం. "ఇంట్లో బోన్సాయ్ పెంచడానికి పది చిట్కాలు" టైపు ఎపిసోడ్ కాదు, అవి ఇప్పటికే బోలెడున్నాయి. ముప్పై నలభై ఏళ్లు పెరిగి, చూడ్డానికి ఇంక అయిపోయింది అనిపించే చెట్టు మీద ఇంకా ఏం పని ఉంటుంది? దాన్ని నలుగురి ముందు ఎలా పెడతారు? మధ్యలో నేను చేసిన ఒక వెధవ పని గురించి కూడా చెప్తాను.

నేను బీటెక్ అయ్యాక సాఫ్ట్‌వేర్‌లో చేరి, ఆన్‌సైట్ అని మూడేళ్లు జపాన్‌లో ఉన్నాను. ఆఫీసు టోక్యోలో, ఉండేది పక్కనే సైతామాలో. వెళ్లిన మొదటి ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉయెనో పార్క్‌కి వెళ్లాం. అక్కడ టోక్యో మెట్రోపాలిటన్ ఆర్ట్ మ్యూజియంలో కొకుఫు-టెన్ జరుగుతోంది. 1934లో మొదలైన బోన్సాయ్ ప్రదర్శన అది, జపాన్‌లో ఇందులో చెట్టు పెట్టడమే పెద్ద గౌరవం. లోపలికెళ్తే పచ్చగా ఉన్న పైన్ చెట్ల పక్కనే వరసగా ఒక్క ఆకు కూడా లేని చెట్లు! నాతో వచ్చిన గుంటూరు ఫ్రెండ్ చెవిలో అన్నాడు: "ఒరేయ్, ఎండు కట్టెలు చూడ్డానికి టికెట్ కొన్నామా మనం?"

నిజం చెప్పాలంటే నాకూ అదే డౌటు. కానీ జనం ఎక్కువసేపు ఆగుతున్నది ఆ ఎండు కట్టెల దగ్గరే.

విషయం ఏంటంటే, మేపుల్, ఎల్మ్, బీచ్ లాంటివి చలికాలంలో ఆకు రాల్చే చెట్లు. వీటిని ఆకులతో చూడటం ఒక అందం, శరదృతువులో ఎర్రబడినప్పుడు ఇంకో అందం. కానీ చెట్టు ఎంత బాగా తయారైందో తెలిసేది మాత్రం ఆకులు రాలాకే. ఇలా మోడుగా ఉన్న చెట్టుని చూసి ఆనందించడానికి జపనీస్‌లో ప్రత్యేకంగా ఒక మాటే ఉంది, కాంజు అంటారు. చలికాలపు చెట్టు అని. ఆకులున్నప్పుడు కొమ్మల్లో తప్పులు కనబడవు, మన ఫోన్లో బ్యూటీ ఫిల్టర్ లాగా. ఆకు రాలిందంటే ఎక్కడ కోశారు, ఎక్కడ మర్చిపోయారు, ఎవరు తొందరపడ్డారు, అన్నీ బయటపడతాయి.

అక్కడి నుంచి నాకు పిచ్చి పట్టింది. సైతామాలోనే ఓమియా బోన్సాయ్ విలేజ్ ఉంది. 1923 భూకంపం తర్వాత టోక్యోలో తోటలు నడిపేవాళ్లు మంచి నీళ్లు, గాలి వెతుక్కుంటూ వచ్చి 1925లో కట్టుకున్న ఊరు. అప్పట్లో అక్కడ ఇల్లు కట్టాలంటే కనీసం పది బోన్సాయ్‌లు ఉండాలి, రెండో అంతస్తు వేయకూడదు, ప్రహరీ గోడ బదులు మొక్కల కంచె ఉండాలి అని రూల్స్ పెట్టుకున్నారట. మన గేటెడ్ కమ్యూనిటీ రూల్స్ కంటే ఇవే నయం కదా! ఆ చుట్టుపక్కలే ఒక చిన్న నర్సరీలో శనివారం క్లాసులో చేరాను. నేర్పే పెద్దాయన్ని అందరూ సెన్సే అనేవాళ్లు. అంటే గురువుగారు. అక్కడే నా రెండు నెలల అద్దె పెట్టి ఒక మొమిజి కొన్నాను, అంటే జపనీస్ మేపుల్. వయసు ముప్పై పైనే. మానుకి వెనకవైపు పెద్ద మచ్చ ఉంది కాబట్టే ఆ రేటుకి వచ్చింది.

ఇప్పుడు అసలు పని. కుర్ర చెట్టుకీ పెద్ద చెట్టుకీ పని పూర్తిగా ఉల్టా. కుర్ర చెట్టుని పెరగనివ్వాలి, మాను లావెక్కాలి. తయారైన చెట్టుని నెమ్మదింపజేయాలి. ఇక్కడ కావలసింది సన్నదనం. మాను నుంచి కొమ్మ, కొమ్మ నుంచి రెమ్మ, చివరికి వచ్చేసరికి దారం లాంటి కొసలు.

మేపుల్‌కి మొగ్గలు కణుపు దగ్గర ఎదురెదురుగా జంటగా వస్తాయి. కొస గిల్లితే రెండు రెమ్మలు, అవి గిల్లితే నాలుగు. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి వెంటనే వెలుగుతుంది, ఇది బైనరీ ట్రీ. పదిసార్లు చీలితే ఒక కొమ్మ నుంచి 1024 కొసలు. లెక్కలో ఈజీ. చెట్టు మీద ఒక్కో చీలికకి ఏడాది పడుతుంది, కొన్ని ఎండిపోతాయి, కొన్ని మనమే తీసేస్తాం. ఇంకో రూల్, ఒక చోట నుంచి రెండే ఉండాలి. మూడు నాలుగు వదిలేస్తే ఆ చోటు వేలి కణుపులా ఉబ్బిపోతుంది, ఆ ఉబ్బు మళ్లీ తగ్గదు.

చీలికల సంఖ్య ఒక్కటే చాలదు, కణుపుకీ కణుపుకీ మధ్య దూరం కూడా చిన్నగా ఉండాలి. ఈ దూరం ఎప్పుడు తేలిపోతుందో తెలుసా? ఏప్రిల్‌లో, కొద్ది రోజుల్లో. మొగ్గ విచ్చుకుని మొదటి జత ఆకులు తెరుచుకుంటుంటే మధ్యలో చిన్న కొస ఒకటి కనిపిస్తుంది. దాన్ని అప్పుడే ట్వీజర్స్‌తో తీసేయాలి. తీసేస్తే రెమ్మ అక్కడితో పొట్టిగా ఆగుతుంది. వదిలేస్తే సాగిపోతుంది. అన్ని మొగ్గలూ ఒకే రోజు విచ్చుకోవు కాబట్టి రోజూ చూడాల్సిందే. పైన ఉన్నవి ముందు, లోపలున్నవి తర్వాత. నేను పొద్దున్నే ఆఫీసుకి వెళ్లేముందు బాల్కనీలో పది నిమిషాలు కూర్చునేవాణ్ణి.

రెండో ఏడాది ఏప్రిల్‌లో మాకు ప్రాజెక్ట్ రిలీజ్ వచ్చింది. తొమ్మిది రోజులు. చీకట్లో వెళ్లి లాస్ట్ ట్రైన్‌కి రావడం. నీళ్లు మాత్రం పోశాను, అది కూడా ఫోన్ టార్చ్ వెలుగులో. రిలీజ్ అయ్యాక చూస్తే పైకొమ్మల రెమ్మలు జానెడు సాగి ఉన్నాయి. గబగబా మొదటి జత ఆకుల దాకా కత్తిరించేశాను. పైనుంచి చూస్తే మళ్లీ గుండ్రంగా బాగానే కనిపించింది. సెన్సేకి చెప్పలేదు. ఏముందిలే, కవర్ అయిపోయింది కదా అనుకున్నాను.

కవర్ అవ్వలేదు. ఎందుకంటే కొస కత్తిరించినా, ఆ మొదటి జత ఆకుల కింద ఉన్న కాడ అప్పటికే సాగిపోయింది. దాని మీద మొగ్గ రాదు, మొగ్గలు వచ్చేది కణుపు దగ్గరే. పైగా ఆ తొమ్మిది రోజులు పైనున్న ఆకులు గుబురుగా కమ్మేసి లోపలి సన్న రెమ్మలకి వెలుతురు లేకుండా చేశాయి. చెట్టుకి సహజంగానే పైకొసల మీద ప్రేమ ఎక్కువ, బలమంతా అటే పంపిస్తుంది. లోపలి రెమ్మలు ఒకసారి చచ్చిపోతే అక్కడ మళ్లీ పుట్టించడం చాలా కష్టం. అందుకే మే చివర్లో, జూన్‌లో ఆకులు ముదిరాక, బలంగా ఉన్న చోట ప్రతి జతలో ఒక ఆకు తీసేస్తారు, లోపలికి ఎండ తగలడానికి. బలహీనంగా ఉన్న చెట్టుకి ఇది చేయకూడదు. ట్రైడెంట్ మేపుల్ అయితే మొత్తం ఆకులు తీసినా తట్టుకుంటుంది, జపనీస్ మేపుల్ అంత మొండిది కాదు. ఎరువు కూడా అంతే, వసంతంలో కొత్త ఆకు ముదిరేదాకా వేయరు, వేస్తే రెమ్మలు సాగుతాయి. ముదిరాక మొదలుపెట్టి ముఖ్యంగా శరదృతువులో వేస్తారు.

డిసెంబర్‌లో ఆకులు రాలాయి. చెట్టుని క్లాసుకి తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. సెన్సే కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి చుట్టూ తిరిగి చూసి, అడిగింది ఒక్కటే మాట: "ఏప్రిల్‌లో ఏమైంది మీకు?"

నెల కూడా చెప్పేశాడు సార్ ఆయన! కొమ్మ మీద అంతా రాసి ఉంది. సర్వర్ లాగ్స్ చూసి ఎవరు ఏం చేశారో పట్టుకున్నట్టు. పైన ఆరు కొమ్మల కొసలు కొంగ కాళ్లలా పొడుగ్గా, బోడిగా ఉన్నాయి. లోపల ఎండిన రెమ్మలు లెక్కపెట్టే ఓపిక నాకు లేదు. రిలీజ్ సంగతి చెప్పాను. ఆయన తిట్టలేదు. కత్తెర తీసి నా చేతికిచ్చి ఎక్కడెక్కడ కోయాలో వేలితో చూపించాడు. ఒక్కో కొమ్మకి మూడు చీలికలు వెనక్కి. నేనే కోశాను. అది మళ్లీ నిండడానికి నాలుగైదేళ్లు అన్నాడు. నాకు అక్కడ మిగిలింది ఏడాది.

ఫిబ్రవరిలో మా క్లాసు వాళ్లు ఒక చిన్న ప్రదర్శన పెట్టేవాళ్లు. నా మొమిజి కూడా అందులో ఉండాల్సింది, ఆగిపోయింది. నేను వేరేవాళ్ల చెట్లు మోసే పనిలో పడ్డాను. డిస్‌ప్లే గురించి నాకు తెలిసిందంతా ఆ మోతలోనే తెలిసింది.

ముందు శుభ్రం చేయడం. మెత్తటి టూత్‌బ్రష్, నీళ్లతో మాను మీద పాచి మెల్లగా తోముతారు. మేపుల్ బెరడు పలచన, గట్టిగా రుద్దితే గీత పడిపోతుంది. తీగ కట్టడం కూడా అందుకే భయం. పెరిగే కాలంలో కొన్ని వారాలకే తీగ బెరడులోకి దిగిపోతుంది, ఆ ముద్ర ఏళ్ల తరబడి పోదు. మా ప్రదర్శనలో తీగలన్నీ విప్పేసే పెట్టేవాళ్లు. తర్వాత మట్టి మీద సన్నటి నాచు అతుకుతారు, మాను మొదట్లో బయటికి కనిపించే వేళ్లని మాత్రం కప్పకూడదు. సగం మంది ముందు చూసేది ఆ వేళ్లనే.

కుండీ సంగతి: పైన్, జూనిపర్‌లకి మెరుపు లేని గోధుమరంగు కుండీలు, ఆకు రాల్చే చెట్లకి మామూలుగా గ్లేజ్ ఉన్న లేత రంగువి, లోతు తక్కువవి. చెట్టు నాజూగ్గా ఉంటే కుండీ కూడా అలాగే ఉండాలి.

ఇంక పెట్టే పద్ధతి. జపాన్ ఇళ్లలో గోడలోకి కొంచెం గూడులా లోపలికి ఉండే చోటు ఒకటి ఉంటుంది, టొకొనొమా అంటారు. ప్రదర్శనల్లో కూడా ఆ భావమే. చెట్టు కింద చెక్క బల్ల, వెనక వేలాడే స్క్రోల్, పక్కన చిన్న గడ్డి మొక్కో అడవి మొక్కో. మూడూ కలిసి ఒకే ఋతువు చెప్పాలి, కానీ ఒకే మాట రెండుసార్లు చెప్పకూడదు. చెట్టే పూలతో ఉంటే స్క్రోల్‌లో పూలు గీయరు. మోడు మేపుల్ వెనక చంద్రుడు ఉండొచ్చు, ఇంకో చెట్టు బొమ్మ ఉండదు. చెట్టు ఏ వైపు ఒరిగి ఉందో ఆ వైపు ఖాళీ ఎక్కువ వదలాలి. నేను మొదట అన్నిటినీ సరిగ్గా మధ్యలో పెట్టాను, పెళ్లి స్టేజి మీద సోఫా పెట్టినట్టు. ఒకావిడ నవ్వుతూ వచ్చి బల్లని జానెడు ఎడమకి జరిపారు. అంతే, చెట్టు ఊపిరి పీల్చుకున్నట్టయింది.

నాకు బాగా గుర్తుండిపోయింది ఆ గదిలో నిలబడిన జనం. గుండె ఎత్తుకి ఉన్న చెట్టుని వంగి, మాను మధ్యకి కళ్లు తెచ్చుకుని చూస్తున్నారు. కొసలు చూశాక చూపు మళ్లీ కిందికి, వేళ్ల దగ్గరికి. ఎవరూ ముట్టుకోరు.

మూడేళ్లు అయ్యాయి, తిరిగి రావాలి. చెట్టుని హైదరాబాద్ తెచ్చేద్దామా అని ఒక రాత్రి సీరియస్‌గా ఆలోచించాను. పేపర్లు, క్వారంటైన్ సంగతి పక్కన పెట్టండి, ఆ చెట్టుకి చలికాలపు నిద్ర కావాలి. మన మే ఎండల్లో పెట్టడం అంటే చంపడానికి తెచ్చుకోవడమే. క్లాసులో నాకంటే చిన్నవాడు ఒకతను ఉండేవాడు, అతనికిచ్చి వచ్చాను. డబ్బులు తీసుకోలేదు. ఏప్రిల్‌లో రోజూ చూడాలి అని మాత్రం రెండుసార్లు చెప్పాను. రెండోసారి చెప్తుంటే సెన్సే నవ్వాడు.

ప్రతి ఫిబ్రవరి అతను ఒక ఫొటో పంపిస్తాడు. ఈసారి కూడా వచ్చింది. పైన ఎడమవైపు ఖాళీ ఇంకా కనిపిస్తోంది. జూమ్ చేసి చూశాను. నేను కోసిన చోట రెండు రెమ్మలున్నాయి, వాటి మీద నాలుగు, కణుపులు దగ్గరదగ్గరగా.