పెన్‌డ్రైవ్ లేకుండా సర్వర్లకు లైనక్స్.. ఒక్క పొరపాటుతో ఆఫీసు నెట్ బంద్

వంద సర్వర్లు వస్తే ఒక్కోదానికి పెన్‌డ్రైవ్ పెట్టి లైనక్స్ ఎక్కించడం అయ్యే పని కాదు. అందుకే నెట్‌వర్క్ బూట్ వాడతారు. ఇంటెల్ తెచ్చిన ఈ పద్ధతి పేరు పీఎక్స్‌ఈ.

సర్వర్ ఆన్ కాగానే డీహెచ్‌సీపీ ద్వారా ఐపీ అడ్రస్, బూట్ ఫైల్ పేరు తెలుసుకుంటుంది. టీఎఫ్‌టీపీతో ఆ ఫైల్ తెచ్చుకుంటుంది. తర్వాత కెర్నల్, ఇనిట్‌ఆర్‌డీ దిగుతాయి.

ఈ ఇమేజ్ తయారీకి ఒక డెబియన్ కంప్యూటర్ చాలు. డెబూట్‌స్ట్రాప్‌తో చిన్న సిస్టమ్ కట్టి, సర్వర్ నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌ను ఇనిట్‌ఆర్‌డీలో చేర్చాలి. అది లేకపోతే కెర్నల్ లేచినా నెట్‌వర్క్ దొరకదు.

ఈ కంప్యూటర్‌ను మాత్రం ఆఫీసు నెట్‌వర్క్‌కు కలపొద్దు. అక్కడ రెండో డీహెచ్‌సీపీ మొదలైతే మిగతా కంప్యూటర్లకు తప్పుడు అడ్రస్‌లు వెళ్లి నెట్ పోతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు విడిగా ఒక స్విచ్ పెట్టుకుని పరీక్షించుకుంటే ఆ తిప్పలు ఉండవు.