తాళం బిగుసుకుంటే...

ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. అప్పట్లో హాజరంటే మస్టరు కాగితం. 2023 జనవరి 1 నుంచి పనిచోట కూలీల ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. ఎక్కకపోతే కూలి డబ్బులకే ఎసరు!

ఫోనులో సిగ్నల్ నిండుగా ఉంటుంది. ఫొటో కదలదు. ‘సెక్యూర్ కనెక్షన్ కుదరలేదు’ అంటుంది. కూలి హాజరనే కాదు... బ్యాంకు పనైనా, పిల్లల పరీక్ష ఫీజైనా ఒక్కోసారి ఇదే తంతు. ఏం చేయాలి?

బోరు నీళ్లు పోయకపోతే కరవుసీమ రైతు వెంటనే పైపులు పీకించడు. కరెంటుందా, ఫ్యూజు పోయిందా, స్టార్టర్ పనిచేస్తోందా... అన్నీ చూశాకే మోటారు పైకి లాగిస్తాడు. ఇక్కడా అంతే.

ముందు ఫోనులో తేదీ చూడండి. నవ్వకండి! అవతలి సర్వర్ మాట కలిపే ముందు తన గుర్తింపు పత్రం చూపిస్తుంది. దాన్నే సర్టిఫికెట్ అంటారు. ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని దానికో గడువు. బ్యాటరీ పూర్తిగా అయిపోయి లేచిన పాత ఫోను ఏ పదేళ్ల కిందటి తేదీలోనో ఉంటే, ఆ పత్రం ఇంకా పుట్టనే లేదనుకుంటుంది. తలుపు తీయదు. సెట్టింగుల్లో ఆటోమేటిక్ తేదీ, సమయం పెడితే సరి.

తేదీ బాగానే ఉందా? అదే పని పక్కవాళ్ల ఫోనులో, వేరే సిమ్ మీద చేయించండి. వాళ్లకీ రాకపోతే లోపం సర్వర్‌లోనే ఉండొచ్చు. సర్టిఫికెట్ గడువు తీరిపోతే కొత్తది పెట్టుకోవాల్సింది వాళ్లే. వాళ్ల హాట్‌స్పాట్ తీసుకోగానే మీ ఫోనులోనూ వచ్చిందా? అయితే అడ్డుపడింది మీ నెట్‌వర్కే. హాస్టలు, ఆఫీసు వైఫైలు ముందు లాగిన్ అడుగుతాయి. కొన్నిచోట్ల ఫైర్‌వాల్ 443వ నంబరు దారిని మూసేస్తుంది. తాళం వేసిన కబుర్లు ఎక్కువగా వెళ్లేది ఆ దారినే మరి.

ఏ నెట్ మీదా మీ ఒక్క ఫోనుకే రాకపోతే, అది పాతబడిందేమో చూడండి. ‘లెట్స్ ఎన్‌క్రిప్ట్’ సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు ఎన్నో వెబ్‌సైట్లకు ఆధారం. ఆండ్రాయిడ్ 7.1.1 కన్నా పాత ఫోన్లకు 2024 సెప్టెంబరు 30తో వాటి మీద నమ్మకం పోయింది.

విసుగొచ్చి ‘ఫర్వాలేదు, ముందుకెళ్లు’ నొక్కాలనిపిస్తుంది. బ్యాంకు, ఆధార్ పేజీల దగ్గర ఆ పని వద్దు. దొంగ పత్రాలు ఊహ కాదు. 2014 జులైలో సాక్షాత్తూ ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ సర్టిఫికెట్ల వ్యవస్థ నుంచే గూగుల్, యాహూ పేర్లతో అనధికార పత్రాలు బయటికొచ్చాయి.

ఫిర్యాదు చేసేటప్పుడు ఉత్తినే ‘పనిచేయట్లేదు’ అనకండి. తెర మీది హెచ్చరికను స్క్రీన్‌షాట్ తీసి, ఏ సిమ్, ఏ టైము, పక్క ఫోనులో వచ్చిందా లేదా రాసివ్వండి.