చెస్ కోచ్‌కి డబ్బులు కట్టే ముందు ఇది వినండి

మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఆన్‌లైన్‌లో 1100 దగ్గర ఆగిపోయా. గ్రాండ్‌మాస్టర్ దగ్గర పర్సనల్ కోచింగ్ తీసుకుంటే పెరుగుతానా?" అని. తమ్ముడికో, చెల్లికో కోచ్‌ని వెతికేవాళ్ళు కూడా ఇదే అడుగుతున్నారు. నెలనెలా ఇంట్లో డబ్బులు పోయే విషయం కాబట్టి కొంచెం వివరంగా మాట్లాడుకుందాం.

ముందు అసలు డౌట్. ఫోన్‌లోనే స్టాక్‌ఫిష్ ఫ్రీగా ఉంది, అది ప్రపంచ ఛాంపియన్ కంటే బాగా ఆడుతుంది, మరి మనిషి ఎందుకు? నేను కోడ్ రాసేవాడిని కాబట్టి ఇలా చెప్తా. ఇంజిన్ అంటే ఎర్రర్ ఏ లైన్‌లో ఉందో చూపించే కంపైలర్ లాంటిది. ఆ లైన్ మీరు అలా ఎందుకు రాశారో దానికి తెలీదు. మంచి కోచ్ అడిగేదే అది. "ఇక్కడ ఈ మూవ్ ఎందుకు వేశావ్? ఇంకేం చూశావ్?" మీరు చెప్పే సమాధానంలోనే అసలు జబ్బు బయటపడుతుంది. కొందరు భయమేస్తే చాలు, పీసులు మార్చేసుకుంటారు. కొందరు ఎదుటివాడి మూవ్ చూడకుండానే తమ ప్లాన్ తాము నడిపిస్తారు. ఆన్‌లైన్ గేమ్ అయితే ప్రతి మూవ్‌కి ఎంత టైమ్ పట్టిందో కూడా రికార్డ్ అవుతుంది. కీలకమైన చోట మూడు సెకన్లలో ఆడేశారా, ఓపెనింగ్‌లోనే ఐదు నిమిషాలు కాల్చేశారా అన్నది అనుభవమున్న ప్లేయర్ ముందు చూస్తాడు.

గుకేశ్ సంగతి తెలుసు కదా, 2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో 18 ఏళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అతని కోచ్, గ్రాండ్‌మాస్టర్ విష్ణు ప్రసన్న, చాలాకాలం అతన్ని ఇంజిన్‌కి దూరంగా పెట్టారు. సొంతంగా లెక్కపెట్టడం రావాలని. ఆ ఛాంపియన్‌షిప్‌కి గుకేశ్‌కి సాయం చేసిన టీమ్‌లో మన గుంటూరు హరికృష్ణ కూడా ఉన్నారు. అంటే ఆ స్థాయిలో కూడా పక్కన మనుషులు కావాలి.

అలాగని 1100 వాళ్ళకి గ్రాండ్‌మాస్టర్ కావాలా? నా అభిప్రాయం, అక్కర్లేదు. ఆ స్థాయిలో ఎక్కువ గేములు పీసు ఊరికే వదిలేయడం వల్లే పోతాయి. దానికి రోజూ పజిల్స్, కాస్త నెమ్మదైన గేములు చాలు. లీచెస్‌లో ఇవన్నీ పూర్తిగా ఫ్రీ. ఇంకో మాట, పెద్ద టైటిల్ ఉన్నంత మాత్రాన పాఠం చెప్పడం వస్తుందని కాదు. కోనేరు హంపి 2002లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆమెకి నేర్పింది వాళ్ళ నాన్న అశోక్ గారు, ఆయన గ్రాండ్‌మాస్టర్ కాదు.

పజిల్స్ చేస్తున్నా నెలల తరబడి కదలకపోతే, లేదా టోర్నమెంట్లు ఆడుతుంటే, అప్పుడు కోచ్ మీద ఖర్చు పెట్టండి. పేరు పక్కన ఐఎం, జీఎం అని రాసుకుంటే ఫిడే రేటింగ్ సైట్‌లో పేరు కొట్టి చూడండి, నిమిషం పని. ఐఎంకి 2400, జీఎంకి 2500 రేటింగ్ దాటడంతో పాటు నార్మ్‌లు కూడా కావాలి. యాప్‌లో రేటింగ్ వేరు, ఫిడే రేటింగ్ వేరు. దాన్ని చూపించి దీన్ని అమ్మేవాళ్ళున్నారు, జాగ్రత్త.

ట్రయల్ క్లాస్ అడగండి. మీరు ఓడిపోయిన నాలుగు గేములు ముందే పంపండి. గెలిచినవి వద్దు, పరువు కోసం వెళ్ళట్లేదు కదా! క్లాస్‌లో ఆ గేములు తెరవకుండా "సిసిలియన్ నేర్పిస్తా" అని మొదలుపెడితే, ఆ కోర్సు అందరికీ చెప్పేదే.

బాగున్న క్లాస్ ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. రూక్ ఎండ్‌గేమ్, ఎదుటివాడికి ఒక పాన్ ఎక్కువ, మీ రాజు ఆ పాన్ ముందే ఉంది. మీ వైపు నుంచి మూడో వరుసలో రూక్ పెట్టి వాళ్ళ రాజుని రానివ్వకూడదు. పాన్ ఆ వరుసలోకి రాగానే రూక్‌ని బోర్డు అవతలి చివరికి పంపి వెనక నుంచి చెక్‌లు ఇవ్వాలి. డ్రా. దీన్ని ఫిలిడోర్ పొజిషన్ అంటారు. వీడియోలో చూస్తే ఐదు నిమిషాలు. మంచి కోచ్ అయితే తానే ఎదురు కూర్చుని, క్లాక్ పెట్టి, మీరు డ్రా చేసేదాకా ఆడిస్తాడు. హోంవర్క్ ఇచ్చి వచ్చే వారం మళ్ళీ అదే అడుగుతాడు.

ట్రయల్ అయ్యాక ఆ కోచ్ మిమ్మల్ని ఏమేం ప్రశ్నలు అడిగారో కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటి మీదే మాట్లాడుకుందాం. ఉంటానండి.