ఆకు మీది నూగు

మహారాష్ట్రలోని భివండీలో పద్మానగర్ వైపు వెళ్లినప్పుడు దారి పక్కన ఏ చెట్టు ఆకునైనా వేలితో ఒకసారి రుద్ది చూడండి. మామూలు దుమ్మయితే రాలిపోతుంది. ఇక్కడ సన్నటి పోగులు వేలికి చుట్టుకుంటాయి. సాంచాల (మరమగ్గాల) కార్ఖానాలో నాడె అటూ ఇటూ పరుగెత్తిన ప్రతిసారీ పడుగు ఒరుసుకుని ఊడే నూగు అది. కిటికీలోంచి బయటపడి, గాలికి తేలి, కాలేజీ గోడ దాటి లోపలి వేపచెట్టు మీద వాలుతుంది.

కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీల పిల్లలు ఈ ఊరి కాలేజీల్లో చదువుకుంటున్నారు. పర్యావరణం వాళ్లకు తప్పనిసరి పాఠం. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2003లో మళ్లీ చేసిన హెచ్చరిక దానికి మూలం. కాలేజీల నాణ్యతను తేల్చే న్యాక్ మదింపైతే కాలేజీ ఆవరణ గురించి కూడా నేరుగా అడుగుతుంది: చెత్తను ఏం చేస్తున్నారు, వాననీటిని పడుతున్నారా, హరిత తనిఖీ చేయించారా? ఆ గడుల్లో నాటిన మొక్కల సంఖ్య రాసేస్తే పని అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. భివండీలాంటి ఊళ్లో ఈ లెక్క గోడ దగ్గర మొదలవ్వాలని నా గట్టి నమ్మకం. ఆ గోడ దాటి ఏమేం వస్తున్నాయో కొలవకుండా ఏ మొక్క నాటాలో ఎలా తెలుస్తుంది?

కొలవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఒకే ఎత్తులో ఉన్న పది ఆకులు కోసి, మెత్తటి కుంచెతో శుద్ధజలంలో కడగాలి. ఆ నీటిని ముందే తూచి పెట్టుకున్న వడపోత కాగితంలో వడకట్టి, ఆరబెట్టి, మళ్లీ తూచాలి. పెరిగిన బరువే దుమ్ము. ఆకులను గ్రాఫ్ కాగితం మీద పెట్టి అంచులు గీసి గళ్లు లెక్కపెడితే వైశాల్యం వస్తుంది. బరువును దానితో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో తేలుతుంది. గోడ పక్క చెట్టుకీ, ఆవరణ నడిమధ్యలో ఉన్న అదే జాతి చెట్టుకీ కొలిచి చూస్తే నూగు ఎంత లోపలిదాకా వస్తోందో తెలుస్తుంది. మగ్గాలకు సెలవు రోజు ఆకులు తుడిచిపెట్టి ఒకసారి, పని రోజున తుడిచి ఒకసారి లెక్క తీస్తే మరీ మంచిది.

అసలు విషయం సూక్ష్మదర్శిని కింద ఉంది. పత్తి పోగు చదునైన రిబ్బనులా, మధ్యమధ్య మెలికలు తిరిగి కనిపిస్తుంది. కాయలో పచ్చిగా ఉన్నప్పుడు గొట్టంలా ఉండే కణం ఎండాక అలా ముడుచుకుపోతుంది. పాలిస్టర్ పోగు గాజు కడ్డీలా నునుపుగా, నిటారుగా ఉంటుంది. సైజింగ్‌లో పడుగుకు గంజి పట్టించడానికి ఆవిరి కావాలి, ఆవిరి కోసం బాయిలర్ మండాలి. ఆ పొగగొట్టం నుంచి వచ్చిన మసి నల్లటి నలుసులుగా కనిపిస్తుంది. ఇలా ఒక్క ఆకు మీదే పక్క వీధి సంగతంతా చదవొచ్చు. పత్తి పోగు కొన్ని నెలల్లో మట్టిలో కలిసిపోతుంది. పాలిస్టర్ పోగు కలవదు. తొలివానకు కొట్టుకుపోయి, మురికికాలువ గుండా కామ్‌వారీ నదికీ, అక్కణ్నుంచి ఖాడీకీ (సముద్రపు పాయకు) చేరుతుంది.

మరి ఏ చెట్టు పెట్టాలి? బొమ్మమేడి, టేకు లాంటి గరుకు ఆకులు నూగును బాగా పట్టుకుంటాయి. అయితే పట్టుకున్నది పత్రరంధ్రాలను మూసేస్తుంది, మూతపడని రంధ్రాల గుండా పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ లోపలికి దిగి ఆమ్లమవుతుంది. ఈ కాలుష్యాన్ని తట్టుకునే శక్తిని కొలవడానికి సింగ్, రావు అనే భారతీయ శాస్త్రజ్ఞులు 1983లో ఒక సూచిక ప్రతిపాదించారు. ఆకులోని సి విటమిన్, పత్రహరితం, ఆకురసం పీహెచ్, నీటిశాతం అనే నాలుగింటిని కలిపి లెక్కిస్తారు. సి విటమిన్ విషపు ఆక్సిజన్ అణువులను అణచివేస్తుంది, నీరు ఆమ్లాన్ని పలచన చేస్తుంది. మర్రి, రావి, మామిడి చాలా కొలతల్లో ముందుంటాయి. ఈ నాలుగు పరీక్షలూ డిగ్రీ ప్రయోగశాలలో చేయగలిగినవే.

చెట్లకు కర్బనం లెక్క మాత్రం అంటగట్టొద్దు. ఎదిగిన చెట్టు ఏడాదికి పాతిక కిలోలు అటూ ఇటూగా కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుంది. డాబా మీద పది చదరపు మీటర్లలో పెట్టిన ఒక కిలోవాట్ సౌరఫలకాలు ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు ఇస్తాయి. బొగ్గు కరెంటు వాటా ఎక్కువగా ఉన్న మన గ్రిడ్‌లో యూనిట్‌కు 0.7 కిలోల లెక్కన అది దాదాపు ఒక టన్ను ఆదా. నలభై చెట్ల పని. కానీ ఆ ఫలకాల మీదా ఇదే నూగు వాలుతుంది, మంచుకు తడిసి అతుక్కుంటుంది. ఈ ఊళ్లో కడగడానికి మనిషిని పెట్టకుండా ఫలకాలు పెట్టడం వృథా ఖర్చు.

వాననీటి సంగతీ అంతే. భివండీలో వానాకాలంలో రెండు వేల మిల్లీమీటర్లకు పైగానే కురుస్తుంది. మన సిరిసిల్లలో అందులో సగమైనా కష్టమే. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు మీటర్ల డాబా మీద ఇరవై లక్షల లీటర్లు! ఆవిరీ కారుడూ పోయినా పదహారు లక్షలు మిగులుతాయి. తొలివానలో మొదటి వెయ్యి, రెండువేల లీటర్లు బయటికి వదిలేయాలి, జల్లెడలో ఇరుక్కున్న నూగు తరచూ తీస్తుండాలి.

చప్పుడును మాత్రం చెట్లు ఆపలేవు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం విద్యాసంస్థ చుట్టూ వంద మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు, అక్కడ పగటి పరిమితి 50 డెసిబెల్స్. నాడె మగ్గాల కార్ఖానా లోపల వందకు దగ్గరగా ఉంటుంది. పది డెసిబెల్స్‌కు శక్తి పదింతలవుతుంది కాబట్టి 50కీ 100కీ తేడా లక్ష రెట్లు. ఒక వరుస చెట్లతో అది తగ్గదు. మందపాటి గోడ కావాలి, తరగతి గదులు అవతలి వైపుకు మారాలి. ఇవతల సామాన్ల గది పెట్టుకోవచ్చు.

ఆకు స్లైడు చూసిన ఒక అమ్మాయి మర్నాడు చిన్న పొట్లం తెచ్చింది. వాళ్లమ్మ ఇంట్లో కండెలు చుడుతుంది. ఆమె తల దువ్వుకున్నాక దువ్వెనకు పట్టిన నూగు అది. గాజు పలక మీద పెట్టి చూస్తే అవే మెలికల రిబ్బన్లు, అవే గాజు కడ్డీలు. ఆ అమ్మాయి పొట్లం మీద తేదీ వేసి, వేపాకు లెక్కల పక్కనే అతికించింది.