పసిచేతుల కళ

చిత్రకళ పసిపిల్లలకు గూడ గలదన్నచో, నడకయే రాని బిడ్డకు కళ యేమని తల్లులు నవ్వుదురు. మేము చెప్పబోవునది బొమ్మలు గీయుట కాదు. తాకుట, పిసుకుట, పూయుట, తేరిపార జూచుట — 3 యేండ్లలోపు వారికి కళ యనగా నిదియే. ఇందులకు అంగడిలో కొనవలసిన వస్తువు లేదు.

తొలి నెలలలో శిశువునకు జానెడు దూరమున నున్నదే కొంత స్పష్టముగా గనబడును. లేతరంగులకంటె నలుపు తెలుపుల చారలు చూపును నిలుపును. నల్ల అంచుగల తెల్ల గుడ్డను ఎదుట బట్టి మెల్లగా కదల్చిన జాలును.

మన సోలాపూరు తెలుగువారిలో పెక్కురు నేతపనికై వచ్చిన కుటుంబములవారు. మగ్గమున్న యింట గుడ్డముక్కలకు కొదువ యుండదు. తువాలు గరుకు, దుప్పటి మందము, పాతచీర మెత్తదనము బిడ్డ అరచేతికిని పాదములకును తెలియనీయవలెను. ముక్కల అంచులు కుట్టియే యీయవలెను. వ్రేలాడు దారము చిన్నవ్రేలికి బిగిసినచో రక్తప్రసారము నిలిచిపోవును. బిడ్డ యేల యేడ్చుచున్నదో ఎవరికిని తోచదు.

అన్నము ముట్టి, కూర్చుండ నేర్చిన పిమ్మట, జొన్న అంబలియే మంచి రంగు. 2 చెంచాల జొన్నపిండిని గిన్నెడు నీటిలో కలిపి చిక్కబడువరకు ఉడికించి, బాగుగా చల్లార్చి, మూడు పాళ్లు చేయవలెను. ఒకదానికి బీటురూటు ఉడికిన నీరు, ఒకదానికి ఉడికించి మెదిపిన పాలకూర, మూడవదానికి చిటికెడు పసుపు. పచ్చిపిండిలో రోగక్రిము లుండవచ్చును గనుక ఉడికించుట మానరాదు. పసుపు ఇంట కొమ్ములు దంచినదైన మేలు. పొడిలో సీసముగల రంగు కలుపుట పలుచోట్ల బయటపడినది. ఎఱుపు కొఱకు పసుపులో సున్నము కలుపుట బొత్తిగా కూడదు, లేతచర్మము కాలును.

పళ్లెములో పూసి ముందుంచిన, బిడ్డ మొదట చఱచును, పిదప నోట బెట్టుకొనును. కసరరాదు. కొందఱు చేయి వెనుకకు తీసికొందురు; వారికి చెంచా నీయవలెను గాని చేయిపట్టి ముంచరాదు. చేయిపట్టి పువ్వు దిద్దించుట మాకు అంతకంటె నచ్చని పని. ఆ పువ్వు తల్లిదే గాని బిడ్డది కాదు.

బీడీలు చుట్టు తల్లులకు ఒక మనవి. చేతులు సబ్బుతో కడిగి, చీర మార్చుకొని, వేఱొక చాపపై బిడ్డను కూర్చుండబెట్టుడు. పొగాకులోని నికొటిను చర్మముగుండ గూడ లోనికి బోవును.

నడక వచ్చినవారికి షాబాదు బండయే పలక. నీట వ్రేలు ముంచి గీసిన గీత నల్లగా దేలి, చూచుచుండగనే ఆరిపోవును, మరల గీయుదురు. చిన్న గిన్నెడు నీటివద్దనైనను బిడ్డను ఒంటరిగా విడువరాదు.

1939లో మద్రాసునకు వచ్చిన మరియా మాంటిస్సోరి పద్ధతిలో, వస్తువును తాకించి వెంటనే దాని పేరు చెప్పుట ముఖ్యము. మన కది మఱింత ముఖ్యము. మరాఠీ వీథిలోను బడిలోను ఎటులను వచ్చును, రావలసినదే. జిగట, నునుపు, గరుకు, గోరువెచ్చన యను మాటలు మాత్రము ఇంట వినబడకున్న మఱెక్కడ వినబడును? చేయి అంబలిలో నున్నప్పుడే ఆ మాట చెప్పవలెను. సెల్‌ఫోను తెరపై ఎన్ని రంగులున్నను వ్రేలికి దగులునది ఒక్క గాజు నునుపే.

మిగిలిన అంబలిని మఱునాటికి దాచక పారబోయవలెను. వేసవిలో అది సాయంత్రమునకే పులియును.