కుడి సీటు దాకా దారి

ఈ ఏడాది మా సొసైటీకి వచ్చిన చదువు దరఖాస్తుల్లో చాలావరకు ఎప్పుడూ వచ్చేవే. నర్సింగ్ ఫీజు, డిప్లొమా ఫీజు, బీటెక్ ఆఖరి సంవత్సరం బకాయి, హాస్టల్ ఖర్చు. ఒక్కటి మాత్రం కమిటీని రాత్రి పదింటి దాకా కూర్చోబెట్టింది. అద్దంకి వైపు ఒక పల్లె నుంచి తండ్రి పెట్టుకున్న దరఖాస్తు అది. మూడెకరాల మిర్చి చేను, ఎంపీసీతో ఇంటర్ పాసైన కొడుకు. కొడుకు పైలట్ ట్రైనింగుకు సాయం అడిగాడు. ఎంత కావాలన్న చోట 60 లక్షలు అని రాసి, కింద ఇంకో మాట చేర్చాడు: ‘ట్రైనింగ్ అయిన వెంటనే దుబాయిలో ఫస్ట్ ఆఫీసర్ ఉద్యోగం గ్యారంటీ అని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. మీవల్ల కాకపోతే రెండెకరాలు అమ్మేస్తాను.’

ఆ రెండెకరాల మాటే మమ్మల్ని ఆపింది. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని ఎలా తినేసిందో మన ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలని కేంద్రం ప్రకటించాల్సి వచ్చింది. ఇన్ని దెబ్బలు తిన్నా ఆ కుటుంబం చేతిలో నిలిచింది ఆ నేల ఒక్కటే. అది అమ్మి కొనబోతున్నది ఏమిటో మాకు తెలియకుండా అవుననడం గానీ కాదనడం గానీ న్యాయం కాదనిపించింది. తెలిసినవాళ్లను అడిగాం, నిబంధనలు చదివాం. మాకు అర్థమైనంతలో దాతలైన మీ ముందు పెడుతున్నాం.

పిల్లవాడి కోరిక గాలిలోంచి పుట్టలేదు. 2022 డిసెంబరు 29న కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద వాయుసేన ట్రయల్ రన్ జరిగినప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వెళ్లాయి. అప్పుడు ఇతను హైస్కూల్లో ఉన్నాడు. (రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వాళ్లు దొనకొండలో వేసిన రన్‌వే గురించి మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. విమానం మన చేలకు మరీ కొత్తదేమీ కాదు.)

ముందు ఫస్ట్ ఆఫీసర్ అంటే ఎవరో చూద్దాం. మన వాడుకలో కో-పైలట్. కాక్‌పిట్‌లో ఎడమ సీటు కెప్టెన్‌ది, కుడి సీటు ఇతనిది. కెప్టెన్ నడుపుతుంటే పక్కన కూర్చుని చూసేవాడని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఇద్దరూ పూర్తి లైసెన్సు ఉన్న పైలట్లే. మామూలుగా ఒక ట్రిప్పు ఒకరు నడిపితే మరో ట్రిప్పు ఇంకొకరు నడుపుతారు. నడపని మనిషి రేడియోలో మాట్లాడుతూ, చెక్‌లిస్టు చదువుతూ, అవతలి మనిషి చేసే ప్రతి పనినీ గమనిస్తూ ఉంటాడు. కెప్టెన్ పొరపాటు చేస్తుంటే ఆపి చెప్పడం ఫస్ట్ ఆఫీసర్ బాధ్యత. ఆఖరి నిర్ణయం మాత్రం కెప్టెన్‌దే.

ఆ సీటు దాకా దారి ఇలా ఉంటుంది. ఇంటర్లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర క్లాస్-2 మెడికల్, ఆ తర్వాత అంతకంటే కఠినమైన క్లాస్-1 మెడికల్. నేవిగేషన్, వాతావరణం, విమానయాన నిబంధనలు, టెక్నికల్ సబ్జెక్టుల్లో రాత పరీక్షలు, రేడియోలో మాట్లాడడానికి వేరే పరీక్ష. చిన్న విమానం మీద 200 గంటల ఫ్లయింగ్, అందులో 100 గంటలు తానే బాధ్యుడిగా నడపాలి. ఇవన్నీ అయితే కమర్షియల్ పైలట్ లైసెన్సు వస్తుంది. మన దేశంలో దీనికి ఇప్పుడు 40 లక్షలకు తక్కువ కావడం లేదు. వాతావరణం బాగోక, విమానాలు చాలక, రెండేళ్లలో అయ్యేది మూడేళ్లు పట్టడం మామూలే.

సరిగ్గా ఇక్కడే కుటుంబాలు మోసపోతాయి. లైసెన్సు వచ్చిందంటే ఉద్యోగం వచ్చినట్టే అనుకుంటారు. ఆ లైసెన్సుతో ఎయిర్‌బస్ 320 గానీ బోయింగ్ 737 గానీ నడపడానికి వీల్లేదు. ఏ రకం విమానం నడపాలో దానికి టైప్ రేటింగ్ అనే శిక్షణ విడిగా తీసుకోవాలి. ఎక్కువ భాగం సిమ్యులేటర్ మీదే జరుగుతుంది. కొన్ని వారాల శిక్షణే, ఖర్చు మాత్రం మళ్లీ లక్షల్లో. చేతిలో ఉన్నదంతా లైసెన్సుకే అయిపోయిన కుటుంబం ఈ మెట్టు దగ్గర ఆగిపోతుంది. కోల్డ్ స్టోరేజీలో ఉంచిన కాయ రంగు తగ్గినట్టు, నడపకుండా దాచుకున్న లైసెన్సు విలువ కూడా నెలనెలా తగ్గుతుంది. మెడికల్ గడువు దాటుతుంది, చేతివాటం పోతుంది, కొత్త బ్యాచ్‌లు పోటీకి వస్తాయి.

హైదరాబాద్ పాతబస్తీకి చెందిన సయ్యదా సల్వా ఫాతిమా కథ మీలో చాలామంది పేపర్లో చదివే ఉంటారు. తండ్రి బేకరీలో పనిచేసేవారు. సియాసత్ సంపాదకులు జాహెద్ అలీ ఖాన్ గారి సాయంతో ఆమె బేగంపేటలోని ఏవియేషన్ అకాడమీలో చేరారు. కష్టపడి కమర్షియల్ లైసెన్సు తెచ్చుకున్నారు. అందరూ మెచ్చుకున్నారు, ఫొటోలు వేశారు. ఉద్యోగం మాత్రం వెంటనే రాలేదు. మల్టీ ఇంజన్ శిక్షణకు, టైప్ రేటింగుకు సొమ్ము లేక ఆగాల్సి వచ్చింది. తర్వాత తెలంగాణ ప్రభుత్వం ఆ ఖర్చు భరించాకే ఎయిర్‌లైన్ దారి తెరుచుకుంది. మొదటి మెట్టుకు ఇచ్చేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు. ఆఖరి మెట్టుకు ఇచ్చేవాళ్లు దొరకడమే కష్టమని ఆమె అనుభవం మాకు నేర్పింది.

ఇక దుబాయి సంగతి. 1944 షికాగో ఒప్పందం ప్రకారం లైసెన్సుల ప్రమాణాలు దేశాలన్నిటికీ ఒక్కటే అయినా, లైసెన్సు ఇచ్చేది మాత్రం ఏ దేశానికి ఆ దేశమే. మన డీజీసీఏ లైసెన్సుతో నేరుగా వెళ్లి ఎమిరేట్స్‌లో రిజిస్టరైన విమానం నడపడం కుదరదు. అక్కడి అథారిటీ దాన్ని గుర్తించాలి లేదా మార్చి ఇవ్వాలి. అక్కడి మెడికల్ మళ్లీ పాసవ్వాలి. ఇదంతా కాగితాల పని, ఓపిక ఉంటే అయిపోతుంది. అసలు అడ్డంకి వేరే ఉంది.

బయటి దేశం పైలట్‌ను ఎందుకు పిలుచుకుంటుంది? తన దగ్గర అనుభవం ఉన్నవాళ్లు చాలనప్పుడు పిలుచుకుంటుంది. అందుకే చాలా దేశాలు విదేశీ కెప్టెన్లను తీసుకుంటాయి గానీ కుడి సీటు తమ పిల్లలకే ఉంచుకుంటాయి. అక్కడ కూర్చుంటేనే కదా రేపటి కెప్టెన్లు తయారయ్యేది! మన దేశమూ అదే చేసింది. ఎయిర్‌లైన్లు వేగంగా పెరిగిన రోజుల్లో విదేశీ కెప్టెన్లకు తాత్కాలిక అనుమతులిచ్చి, వాళ్ల పక్కన మన ఫస్ట్ ఆఫీసర్లను కూర్చోబెట్టింది. గల్ఫ్ దేశాల్లో సొంత జనం తక్కువ, విమానాలు ఎక్కువ. అందుకే బయటివాళ్లకు ఫస్ట్ ఆఫీసర్ ఉద్యోగాలు దొరికే కొద్ది చోట్లలో అవి ముఖ్యమైనవి. అయినా వాళ్లు అడిగేది 200 గంటల పిల్లవాణ్ణి కాదు. పెద్ద విమానాల మీద వేల గంటల అనుభవాన్ని, దానితోపాటు చాలాచోట్ల ఏటీపీఎల్ అనే పై లైసెన్సును అడుగుతారు. ఆ లైసెన్సుకే 1500 గంటలు కావాలి. మన దేశంలో నెలకు 60, 70 గంటలు ఎగిరే ఫస్ట్ ఆఫీసర్‌కు 2000 గంటలు నిండాలంటే రెండున్నర నుంచి మూడేళ్లు పడుతుంది.

అంటే లెక్క ఇది: ఇంటర్ అయ్యాక లైసెన్సుకు మూడేళ్లు, ఉద్యోగం కోసం ఎదురుచూపు ఒకటి రెండేళ్లు, ఇక్కడ అనుభవం మూడేళ్లు. ఆ తర్వాతే దుబాయి మాట. అదీ అన్నీ కలిసొస్తే. పైగా ఇక్కడి కొలువు విడిచి వెళ్లాలంటే, 2017లో డీజీసీఏ పెట్టిన నిబంధన ప్రకారం ఫస్ట్ ఆఫీసర్ ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, కెప్టెన్ అయితే ఏడాది ముందు. ‘వెంటనే దుబాయి’ అన్న కన్సల్టెన్సీ మాటలో ‘వెంటనే’ అన్నది పచ్చి అబద్ధం.

వెళ్లినవాళ్ల జీవితం ఎలా ఉంటుంది? మంచి జీతం, దాని మీద అక్కడ ఆదాయపు పన్ను లేదు. ఇల్లు గానీ ఇంటి అద్దె గానీ ఇస్తారు, పిల్లల బడి ఫీజులో సాయం ఉంటుంది. పింఛను ఉండదు. ఎమిరేట్స్ చట్టం ప్రకారం ఉద్యోగం వదిలినప్పుడు మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపైన ఏడాదికి 30 రోజుల చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్ పరీక్ష, ఏటా మెడికల్. తేడా వస్తే ఆ రోజుతో ఎగరడం ఆగిపోతుంది. ఈ రాత్రి లండన్, ఎల్లుండి తెల్లవారుజామున ఇంకో ఖండం. పండగ రోజు ఎక్కడుంటాడో రోస్టరే చెప్పాలి. రంజాన్‌లో డ్యూటీ మీద ఉన్నప్పుడు రోజా ఉండొద్దని చాలా ఎయిర్‌లైన్లు చెబుతాయి, ముస్లిం దేశాల ఎయిర్‌లైన్లు కూడా. నీళ్లు తగ్గితే, చక్కెర తగ్గితే నిర్ణయంలో తేడా వస్తుంది, వెనక మూడొందల మంది ఉంటారు. ప్రయాణంలో ఉన్నవాళ్లకు ధర్మం ఇచ్చిన సడలింపు మనకు తెలిసిందే, ఆ రోజాలు తర్వాత తీర్చుకోవచ్చు. ఈ మాట ఎందుకు రాస్తున్నామంటే, దరఖాస్తు పెట్టిన పిల్లవాడి నానమ్మ మమ్మల్ని మొదట అడిగిన ప్రశ్న ఇదే.

వీసా ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. అది పోతే ఇల్లు, పిల్లల బడి, బ్యాంకు అన్నీ ఒకేసారి కదులుతాయి. 2020లో కరోనా వచ్చి విమానాలు ఆగినప్పుడు గల్ఫ్‌లోని పెద్ద ఎయిర్‌లైన్లే వేల సంఖ్యలో సిబ్బందిని తగ్గించాయి. స్వదేశంలో ఉంటే ఈ బాధ లేదనుకోవడమూ పొరపాటే. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయాయి. ఒక ఎయిర్‌లైన్ నుంచి ఇంకోదానికి మారిన ఫస్ట్ ఆఫీసర్ సీనియారిటీ మామూలుగా మళ్లీ అట్టడుగు నుంచే మొదలవుతుంది. ఎడమ సీటు అంత దూరం జరుగుతుంది.

ఇవన్నీ విన్నాక కమిటీలో రెండు మాటలు వచ్చాయి. ఆ సొమ్ముతో ఎంతోమంది ఆడపిల్లలను నర్సింగ్ చదివించవచ్చు, ఒక్కడి మీద పెట్టడమేమిటని కొందరన్నారు. న్యాయమైన మాటే. మన పిల్లలు ఎప్పుడూ చిన్న ఉద్యోగాల వైపే చూడాలా అని మిగతావాళ్లు అడిగారు. అదీ కొట్టిపారేయలేం. చివరికి మధ్యలో ఒక దారి తీశాం. జకాత్ సొమ్ము దీనికి ముట్టుకోం, అది అత్యవసరాల్లో ఉన్న పేదలది. అరవై లక్షలూ ఇవ్వం. అయితే దారిలో ముందొచ్చే చిన్న ఖర్చులు మేం పెట్టుకుంటాం: మెడికల్, పుస్తకాలు, రాత పరీక్షల ఫీజు. వేలల్లో అయ్యే ఖర్చు అది. ఆ వేలే చాలావరకు నిజం తేలుస్తాయి. రంగులు గుర్తించలేని కన్ను ఉందని ఫ్లయింగ్ స్కూల్లో ఫీజు కట్టాక తెలియడం కంటే ముందే తెలియడం మేలు. మన గుంటూరులో పుట్టి, 2021 జులై 11న అంతరిక్షం అంచు దాకా వెళ్లొచ్చిన బండ్ల శిరీష కూడా చూపు కారణంగా నాసా పైలట్ ఆశ వదులుకుని ఇంజనీరింగ్ దారిలో వెళ్లారు.

ఇక మీ ముందు పెడుతున్న ప్రతిపాదన. లైసెన్సు తెచ్చుకుని టైప్ రేటింగు దగ్గర ఆగిపోయిన పిల్లల కోసం విడిగా ఒక కర్జె హసనా నిధి పెడితే ఎలా ఉంటుంది? వడ్డీ లేని అప్పు. ఉద్యోగం వచ్చాక జీతంలోంచి తిరిగి కడతారు, ఆ సొమ్ము తర్వాతి పిల్లకో పిల్లాడికో వెళుతుంది. బ్యాంకులో చదువు అప్పు పెద్ద మొత్తమైతే పొలం కాగితాలు అడుగుతారు, పైగా వడ్డీ. చాలా కుటుంబాలు మన దగ్గరికి వచ్చేది ఆ రెండూ తప్పించుకోవడానికే. పైలట్ కాకపోయినా విమానం మెకానిక్, మర్చంట్ నేవీ లాంటి వృత్తి శిక్షణల్లో ఆఖరి మెట్టు దగ్గర ఆగినవాళ్లకూ ఈ నిధి పనికొస్తుంది. వార్షిక సమావేశంలో దీని మీద మీ అభిప్రాయం కావాలి. వద్దన్నా సరే, కారణం చెప్పండి.

పిల్లవాడు క్లాస్-2 మెడికల్ పాసయ్యాడు. నేవిగేషన్ పుస్తకాలు తెప్పించి ఇచ్చాం, అందులో లెక్కలు తనకు ఇష్టమన్నాడు. క్లాస్-1కు బెంగళూరులో వచ్చే నెల తేదీ దొరికింది. తండ్రి పొలం బేరం ఆపేశాడు. యార్డులో ధర కాస్త తేరుకుంటే కోల్డ్ స్టోరేజీలో ఉన్న టిక్కీలు అమ్ముతానని, రైలు చార్జీలు మాత్రం తానే పెట్టుకుంటానని ఆఫీసుకు వచ్చి చెప్పి వెళ్లాడు.