వీడర్ మొరాయిస్తోందా? ముందు పెట్రోలు చూడండి

ఖమ్మం: వాన వెలిసి నేల పదునుకు వచ్చాక పత్తి చేలో కలుపు తీయడానికి రైతుకు చిక్కేది రెండు మూడు రోజులే. ఆపై మళ్లీ ముసురు పట్టవచ్చు, లేదంటే నేల గట్టిపడవచ్చు. సరిగ్గా అప్పుడే పవర్ వీడర్ మొరాయిస్తుంది. స్టార్టర్ తాడు లాగి లాగి విసిగి, యంత్రాన్ని ఆటోలో వేసుకుని పట్టణానికి పరుగెత్తడం పరిపాటి. చాలా సందర్భాల్లో ఈ తిప్పలకు మూలం నిరుడు పని ముగిశాక ట్యాంకులో వదిలేసిన పెట్రోలే.

పెట్రోలు ఏడాదిపాటు నిల్వ ఉండే సరుకు కాదు. నెలలు గడిచేకొద్దీ తేలికపాటి భాగం ఆవిరై, మిగిలినది జిగురుగా మారుతుంది. కార్బురేటర్‌లోని జెట్టు రంధ్రం అతి సన్నం కనుక కొద్దిపాటి జిగురుకే పూడుకుపోతుంది. దీనికి ఇథనాల్ తోడైంది. 2003లో 5 శాతంతో మొదలైన మిశ్రమం 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు మోతాదు మించితే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంజిన్‌కు మొదట అందేది ఆ అడుగునున్నదే.

ప్లగ్గు చెప్పే గుట్టు

ఇంజిన్ చల్లారాకే పని మొదలుపెట్టాలి. దరిదాపుల్లో బీడీ, చుట్ట ఉండరాదు. చోక్ వేసి నాలుగైదుసార్లు తాడు లాగి ప్లగ్గు విప్పాలి. మొన తడిగా ఉంటే ఇంధనం అందుతున్నట్లే. అప్పుడు ప్లగ్గును, పెట్రోలులో నీరు కలిసిందేమోనన్న సంగతిని చూసుకోవాలి. పొడిగా ఉంటే ఇంధనం దారిలో ఎక్కడో ఆగింది.

ముందుగా కాక్ తెరిచి ఉందో లేదో చూడాలి. నవ్వులాటగా తోచినా మరిచిపోయేవారు తక్కువేమీ కాదు. తర్వాత కార్బురేటర్ దగ్గర గొట్టం ఊడదీసి గాజు సీసాలోకి పట్టాలి. ధార సన్నగా ఉంటే ట్యాంకు మూత వదులు చేయాలి. వెంటనే ధార పెరిగితే మూతలోని గాలి రంధ్రం మట్టితో పూడినట్లు. పది నిమిషాలు నడిచి ఆగి, కాసేపటికి మళ్లీ అందుకునే ఇంజిన్లకూ తరచూ ఇదే జబ్బు. మూత తీసినా ధార రాకుంటే జల్లెడ శుభ్రం చేయాలి. సీసా అడుగున వేరుగా నీటి పొర కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయక తప్పదు.

ధార బాగున్నా ప్లగ్గు పొడిగా ఉన్నా, చోక్ వేస్తేనే నడుస్తున్నా, వేగం హెచ్చుతూ తగ్గుతూ ఊగిసలాడుతున్నా జెట్టును అనుమానించాలి. కార్బురేటర్ అడుగు గిన్నె విప్పి, జెట్టును క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టాలి. పిన్నీసుతోనో, ఇనుప తీగతోనో పొడవడం పెద్ద పొరపాటు. రంధ్రం పెద్దదైతే నల్లపొగ, పెట్రోలు దుబారా తప్పవు.

కార్బురేటర్ నుంచి పెట్రోలు కారుతుంటే ఫ్లోటు సూది దగ్గర నలుసు ఇరుక్కుని ఉండవచ్చు. ఇంజిన్ ఆయిల్ మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తే మాత్రం ఒక్క నిమిషం కూడా నడపరాదు. పలుచబడిన ఆయిల్ లోపలి భాగాలను అరగదీస్తుంది. మెకానిక్ అవసరం నిజంగా పడేది ఇక్కడే.

సీజన్ ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్‌ను దానంతట అది ఆగిపోయేదాకా నడిపి మూలన పెట్టాలి. ఆయిల్ కలిపి వాడే టూస్ట్రోక్ బ్రష్ కట్టర్లకు ఏ రోజుకు కావలసినంత ఆ రోజే కలుపుకోవడం మేలు.